వాంతుల మందుకి ఉప్పు సరిపోయిందా?

చిట్టితల్లీ, ఆశీస్సులు.

ఆసుపత్రిలో క్యాన్సరు మందు ఎక్కించిన దగ్గర్నుంచి మీ పిన్నికి ఒకటే వాంతులు. ఇంకో కిలో తగ్గితే రెండో విడత వాయిదా వేస్తానన్నారు డాక్టరుగారు. వాంతులకి మింగే బిళ్ల, సిరప్పు, నాలుక మీద కరిగే బిళ్ల, చేతికంటించే పట్టీ ఉన్నాయట. ఏది ఇముడుతుందో చూసి ఒక్కటే వాడమన్నారు. నేను నాలుగూ కొనేశాను. మందుల షాపు నడిపేదానివి, ఏది మంచిదో నువ్వే చెప్పు. క్యాంటీన్‌లో వంట వేరేవాళ్లకి అప్పజెప్పి ఇంట్లోనే ఉన్నాను.

నీ బాబాయి

తా.క. సిరప్పు రుచి చూశాను. తీపి ఎక్కువైంది, చిటికెడు ఉప్పు పడాలి.

---

బాబాయికి నమస్కారాలు.

మందు రుచి చూడ్డమేంటి బాబాయ్! అది మీ క్యాంటీన్ కూర కాదు. పిన్నికి మింగింది మింగినట్టే బయటికొస్తోంది గనుక నాలుక మీద కరిగేదే మేలు. నీళ్లు కూడా అక్కర్లేదు. పట్టీలో మందు చర్మంలోంచి ఎక్కేసరికి ఒక రోజు పడుతుంది. డాక్టరుగారికి చెప్పి అదొక్కటే వేయండి. మిగతావి ముట్టుకోకండి.

మీ అమ్మాయి

తా.క. నిజం చెప్పండి, ఎన్ని రుచి చూశారు? తలనొప్పిగా ఉందా? మూడు రోజులుగా కడుపు కదల్లేదా?

---

తల్లీ, నువ్వు మామూలుదానివి కాదు!

అంత దూరాన కూర్చుని నా కడుపు సంగతి కనిపెట్టేశావు. తలనొప్పీ ఉంది, ఆ రెండోదీ ఉంది. ముప్పై ఏళ్లుగా నేను రుచి చూడందే ఎవరికీ వడ్డించలేదు. కట్టుకున్నదానికి చూడకుండా ఎలా పెడతానే? డాక్టరుగారు సరేనన్నారు, కరిగే బిళ్లే వేస్తున్నాను. అయినా మీ పిన్ని ‘ఇంకా తిప్పుతోంది’ అంటుంది. కంచం మాత్రం ఖాళీ అవుతోంది. నా మొహం చూసి బలవంతాన తింటోంది పాపం. ధైర్యమంటే దానిదే!

నీ బాబాయి

తా.క. ఇంకేదీ నోట పెట్టలేదు, ఒట్టు. పట్టీ మాత్రం నా చేతికుంది. దానికి రుచి ఉండదుగా.

---

అమ్మడూ, పిన్ని దీవెనలు.

ఈసారి కలం నేను పట్టాను. నీ చదువు చల్లగుండ! నువ్వు చెప్పిన బిళ్లకి రెండో రోజే వాంతులు ఆగిపోయాయి. ఆయనతోనే అబద్ధమాడాను. రోజూ నాలుగు వందల మందికి వడ్డించే మనిషి, పెళ్లయ్యాక మొదటిసారి నా ఒక్కదాని ఎదురుగా కూర్చుని ‘ఇంకొంచెం తిను’ అన్నారు. తగ్గిందంటే లేచి పనికి పోతారని భయపడ్డాను. ఆయన చేతి పట్టీ నేనే పీకి పారేశాను. అలాంటి పిచ్చి మారాజు ఇంకెవరికి దొరుకుతాడే? ఇవాళ తూకంలో కిలో పెరిగాను. రెండో విడత ఎల్లుండే. ఇంక దాచలేక అంతా చెప్పేశాను.

మీ పిన్ని

తా.క. తిడతారనుకున్నాను. మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకుని, ‘అయితే రేపేం వండమంటావ్?’ అన్నారు.