పండక్కి వేరే పళ్ళెం

నెల్లూరు జైలు,
రంజాను నెల, 1962.

అమ్మకు నీ కొడుకు మదార్ సలాములు. ఇక్కడ నేను క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. జువ్వలదిన్నెలో నువ్వూ, నూర్జాన్ అక్కా, అక్క చంటిదీ నిజంగానే క్షేమంగా ఉండాలి.

కూడు బాగుంటుందా అని అడిగావు. ఇక్కడి సంకటి ముద్దతో కొడితే గోడే పగులుతుంది. దగ్గు తగ్గిందా అనీ అడిగావు. దూదేకేవాళ్ళ ఇంట్లో దగ్గని మనిషెవరమ్మా? అది దూది దగ్గేననుకున్నాను. జైలుకొచ్చి దూది మొహం చూడకపోయినా అదే అనుకున్నాను.

ముందు మంచి కబురు. కొట్లాట కేసులో నా శిక్ష కొంత తగ్గించారు. పండగ ముందు రోజు వదిలేస్తారట.

ఇక దాచింది చెప్పాలి. నాకు క్షయ, అమ్మా. చలికాలంలోనే తేలింది. వేరే గదిలో ఉంచి సూదులూ మాత్రలూ ఇచ్చారు. దగ్గు సగానికి తగ్గింది. అంతలో రంజాను వచ్చింది. నేను నెలంతా రోజా ఉంటే అల్లా నన్ను విడిపిస్తాడని నువ్వు మొక్కుకున్నావు కదా. పగలు మందు మింగితే రోజా పోతుందని మాత్రలు బుగ్గన దాచి పారేశాను. ఏవో వంకలు పెట్టి సూదులు తప్పించుకున్నాను. మొన్న దగ్గితే నెత్తురు పడింది. కాంపౌండరు జకరయ్య తల పట్టుకున్నాడు.

"ఏంది మదారూ, ఇట్టా చేసినావు? ఉపాసం ఉండమని ఎవురు చెప్పినారు?"

"మాయమ్మ మొక్కుకునింది సార్."

"జబ్బు మనిషికి ఉపాసం లేదని మీ సాయిబులే చెప్తారు గదయ్యా!"

ఆ రోజే రోజా విడిచి మందు మింగాను. మర్నాడే విడుదల కబురు వచ్చింది! మొక్కు ఫలించిందనుకోనా? అయితే రోజా విడిచాక రావడమేమిటి? మొక్కు నన్ను ముంచిందనుకోనా? మరి విడుదల ఎలా వచ్చింది? ఎంత ఆలోచించినా నాకేమీ అంతుపట్టడం లేదు.

ఇంటి దగ్గరే మందులు వాడుకోవచ్చని డాక్టరు గారన్నారు. మధ్యలో ఆపితే మాత్రం ప్రాణానికే ముప్పట. జబ్బు ఇతరులకు అంటని స్థితి వచ్చేదాకా వేరుగా పడుకోవాలి, చంటిపిల్లలకు దూరంగా ఉండాలి. పండగనాడు మనమంతా ఒకే పళ్ళెం చుట్టూ మోకాళ్ళు ఆనించుకుని కూర్చుంటాం. నేను దగ్గితే అక్క ఒళ్ళో చంటిదాని మొహం మీదే పడుతుంది.

నాకు వసారాలో వేరే పళ్ళెం పెడతావా? పెడతానని రాయిస్తేనే వస్తాను, లేదంటే ఇక్కడే పెద్దాసుపత్రిలో చేరతాను. "నా బిడ్డకు వేరే పళ్ళెమేంది" అంటావని భయంగా ఉంది. పెడతానంటే ఆ పళ్ళెం ముందు ఏడవకుండా తినగలనో లేదో, అదీ తెలియదు.

ఇట్లు,
వసారాలో చోటడిగే నీ కొడుకు,
మదార్