యజమాని అనుమతి

తిరువూరు.

వీడియో కంపెనీవారికి నమస్కారాలు.

మీ నంబరుకు ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటోంది గానీ మనిషి పలకడం లేదు. అందుకే ఉత్తరం రాస్తున్నానండి.

పెనుగొలను చర్చిలో పాడిన పాట వీడియో మీ దాంట్లో పెట్టుకుని రోజూ వింటున్నాను. ఇంకెక్కడా కాపీ లేదు. మంగళవారం నుంచి బొమ్మ కదులుతోంది, శబ్దం లేదు. కింద ‘యజమాని అనుమతి లేనందున శబ్దం తొలగించాము. అనుమతి ఉంటే రుజువు పంపండి’ అని ఉంది.

మా యజమాని అంతోనయ్య గారు మొన్న ఈస్టరుకు ముందు తపస్సుకాలంలో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ పాడేది ఆయనే. నేనేం అడిగినా “నీ ఇష్టమే” అనేవారు గనక అనుమతి ఉన్నట్టేనండి. రుజువుగా మా పెళ్ళి సర్టిఫికెట్టు జిరాక్సు జత చేశాను.

వెనకాల సంగీతం ట్రాకు మాత్రం బయటిది. అది ఎవరిదైతే వాళ్ళకిచ్చేయండి. ఆయన గొంతు ఉంచండి చాలు. రెండో చరణం ముందు దగ్గొచ్చి, నావైపు తిరిగి “కాసిని మంచినీళ్ళియ్యి” అంటారు. ఆ మాట వినగానే ఇన్నాళ్ళూ చెంబు కోసం లేచేదాన్ని.

ఇప్పుడు లేవాల్సిన పని లేకుండా పోయింది.

ఇట్లు,
అంతోనయ్య గారి భార్య