కుక్క వెనుక సగం

ప్రియమైన అక్కకు,

నా డ్రాయింగు క్లాసు పిల్లల బొమ్మలు ఈ రోజు మీ దేశానికి బయలుదేరాయి. తడవకుండా ప్లాస్టిక్ కాగితం చుట్టి, మూలలు నలగకుండా అట్టలు పెట్టి, మీ బడి చిరునామా రెండు వైపులా రాశాను. మీ హెడ్‌మాస్టరుగారికి ఈ ఏర్పాటు మీద నమ్మకం లేదనీ, నీ పూచీ మీదే ఒప్పుకున్నారనీ రాశావు. నిశ్చింతగా ఉండు.

ఇక్కడి పిల్లలు సగం గీయాలి, మిగతా సగం మీ పిల్లలు గీయాలి అన్నావు. మావాళ్లు అలాగే గీశారు. అయితే కట్టే ముందు చూస్తే ఒక్క బొమ్మా పూర్తిగా లేదు. ఒక పాప కుక్కను నడుము దాకా గీసి వదిలేసింది. బడి పేరుతో అలాంటివి పంపడానికి మనసొప్పక, ఆదివారమంతా కూర్చుని అన్నీ నేనే పూర్తి చేశాను. మీ పిల్లలకు ఆ మేరకు శ్రమ తప్పింది. ఎవరి దగ్గరా నేర్చుకోని చేతికి కుక్క తోక బాగానే కుదిరింది.

అందినట్టు రెండు ముక్కలు రాయగలవని ఆశిస్తూ,
నీ తమ్ముడు

ప్రియమైన కొలబద్దకు,

చిన్నప్పుడు నీకా పేరు ఊరికే పెట్టలేదురా. మా పిల్లలు రంగులు కలుపుకుని, కుంచెలు పట్టుకుని నిలబడ్డారు. పార్సిల్ విప్పాను. "టీచర్, మేమెక్కడ గీయాలి?" అని ఒకడు. "అంతా అయిపోయిందిగా" అని ఇంకొకడు. హెడ్‌మాస్టరు తొంగిచూసి, "బావుందండీ, మనకిక పనేముంది, తిప్పి పంపేయండి" అన్నాడు. వచ్చే నెల ప్రదర్శనలో మా పిల్లల చేతిపని కనబడకపోతే ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు ఇంతటితో సరి అట.

శ్రమ తప్పించావా? నా కొంప ముంచావు. తోక మాత్రం బాగుంది, ఇస్త్రీ చేసినట్టు.

కోపంగానే,
నీ అక్క

ప్రియమైన అక్కకు,

పరిష్కారాలు ఆలోచించాను. ఒకటి, నేను గీసినంత మేర చెరిపేయడం. రంగులు కూడా వేశాను కనుక కుదరదు. రెండు, మళ్లీ సగం బొమ్మలు గీయించడం. అదీ కుదరదు, విషయం తెలిసినప్పటి నుంచి క్లాసు సమ్మెలో ఉంది. కుక్క పాప నా బల్ల ముందుకొచ్చి, "నడుము దాకా నాది సార్. వెనకాల సగం అక్కడి ఫ్రెండ్‌ది. మధ్యలో మీరెవరు?" అని అడిగింది. అప్పటి నుంచి రోజూ తెల్ల కాగితం ఇచ్చి పోతోంది. మందలిద్దామంటే, దాని మీద పేరు, తరగతి, తేదీ పొందికగా రాసే ఇస్తోంది. అది నేను నేర్పిందే.

మూడవ పరిష్కారం నాకు తోచలేదు. నీకు తోస్తే రాయి.

తల వంచుకుని,
నీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

మూడోది నాకూ తోచలేదు. నీ ఉత్తరం క్లాసులో చదివి వినిపిస్తే ఓ గడుగ్గాయికి తోచింది. "వెనకాల సగం నాదేగా" అంటూ కత్తెర తీసి కుక్కను నడుము దగ్గర కోసేసింది. నేను అడ్డుపడేలోగా మిగతావాళ్లూ మొదలెట్టారు. నీ సగాలన్నీ నేల మీద.

ఇప్పుడా కుక్కకు వెనకాల రెండు చక్రాలు, తోక ఉండాల్సిన చోట గొడుగు. "అంత దూరం నుంచి నడిచి ఎప్పటికొస్తుంది టీచర్? దారిలో వానొస్తే?" అంది. ప్రదర్శనలో హెడ్‌మాస్టరు దాని ముందు నిలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, వచ్చే ఏడాదికీ సంతకం పెట్టాడు.

నీ సగాలు పారేయలేదులే. వాటికి ముందు సగాలు గీశారు. నీ ఇస్త్రీ తోకకు ముందు ఒక మాస్టారున్నాడు, చేతిలో కొలబద్ద. ఆ పోలికలో నా ప్రమేయం ఏమీ లేదు. అన్నీ పంపుతున్నాను.

ప్రేమతో, ఇంకా నవ్వుతూ,
నీ అక్క

ప్రియమైన అక్కకు,

పార్సిల్ అందింది. చక్రాల కుక్కను పాప ముందు పెట్టాను. చక్రాల మీద వేలు తిప్పి, "గొడుగు నాకు తట్టేది కాదు సార్" అని ఒప్పుకుంది. తరువాత తోక మాస్టారిని చూసి, "ఇది మీరేగా" అంది. "తోక వరకే నాది" అన్నాను. ఇన్నాళ్లకు నవ్వింది. ఆ బొమ్మను తనే స్టాఫ్ రూము గోడకు తగిలించింది. వంకరగా ఉంది. ముట్టుకోవద్దని నాకు ఆజ్ఞ.

వచ్చే ఏడాది నియమాలు రాసుకుంటున్నాను. ఒకటి, బొమ్మలు చుట్టి కట్టేది పిల్లలే. రెండు, కట్టే ముందటి ఆదివారం డ్రాయింగు గది తాళంచెవి పాప దగ్గరే ఉంటుంది. మూడు,

పైన కావాలనే చోటు వదిలాను. అది నీ సగం. చెయ్యి దురద పెడుతోంది, త్వరగా నింపి పంపు.

నీ
కొలబద్ద