జెండాలో పూలరేకులు

జూలై ఒకటి, కేంబ్రిడ్జ్, కెనడా.

నాకు అక్షరం రాదు కనుక నేను చెబుతుంటే మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే శ్రావణి రాస్తోంది.

ఈరోజు కెనడా డే. నేను, మా అబ్బాయి, శ్రావణి, వాళ్ళ కాలేజీ పిల్లలతో పార్కుకు వెళ్ళాం. వాళ్ళు జెండా ఎగరేయబోతే ఆపి, మా ఊరి బడిలో చేసినట్టే లోపల గులాబీ రేకులు పెట్టి మడిచాను. మా అబ్బాయికి చెమటలు పట్టాయి. వాడి సిటిజన్‌షిప్ ఇంకా రాలేదు.

"అమ్మా, ఇక్కడ అలా చేయరు. జెండాను అవమానించారని ఎవరైనా కంప్లైంట్ చేస్తే?"

"పూలు పెడితే అవమానం ఏంట్రా? శ్రావణీ, లాగవే తాడు!"

రేకులు జలజలా రాలాయి. పక్కన కూర్చున్న తెల్లవాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళ పిల్లలు పరుగున వచ్చి మళ్ళీ చేయమన్నారు.

రెండోసారి రేకులు పెట్టి మడిచింది మా వాడే. రేపు ఎవరైనా అడిగితే తప్పు ఇద్దరిదీ. అలాగే రాయి.