తాతయ్య పచ్చబండి

ప్రియమైన అక్కకి,

నీ పిడుగు వందనాలు. స్తోత్రం చెప్పు అక్కా, రెండు చేతులూ ఎత్తి గట్టిగా చెప్పు! తాతయ్య బండి దొరికింది.

ఎక్కడనుకున్నావు? ఇటుకల బట్టీ వెనక, చక్రాలు లేకుండా, నాలుగు రాళ్ళ మీద. వెనక సామాను వేసే తొట్టిలో కోళ్ళు కాపురం పెట్టాయి. బట్టీ యజమాని "పాత ఇనుములో వేసేద్దామనుకున్నా, నీకు పనికొస్తే పట్టుకుపో" అన్నాడు. మనదేనా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. లోపల తొంగి చూస్తే హారన్ బటన్ ఉండాల్సిన చోట తాతయ్య బిగించిన కాలింగ్ బెల్ స్విచ్! అక్కడే మోకరించాను. కోళ్ళు బెదిరి లేచాయి.

అరువు చక్రాలు బిగించి, మిల్లు వెనక షెడ్డులోకి తాడు కట్టి లాక్కొచ్చాం. పొద్దున పిండి ఆడించడం, సాయంత్రం బండి విప్పడం, ఆదివారం చర్చిలో ప్రసంగం. ఇదీ నా బతుకు. దేవుడు ఎండిన ఎముకల లోయలో ఆ ప్రవక్తని నిలబెట్టి, వాటిని బతికించమన్నప్పుడు ఆయనకి ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు తెలిసింది. షెడ్డు నిండా ఎముకలే. గేరుబాక్సు ఓ మూల, రేడియేటర్ ఓ మూల. పట్టేసిన పిస్టన్లని మెకానిక్ బాబాయి కిరోసిన్ పోసి నానబెట్టాడు. నిన్న కదిలాయి. ఎముక ఎముకని వెతుక్కుంటోంది అక్కా!

నా పట్టుదల ఒకటే. ఒక్క మేకు తేడా రాకూడదు. తాతయ్య బండి తాతయ్య బండిలాగే ఉండాలి. ఈ మిల్లు వదిలి వెళ్ళేటప్పుడు నువ్వేమన్నావు? "మళ్ళీ ఆ బండి ముందు సీట్లో కూర్చుంటే చాలురా" అన్నావు. ఆ మాట నేను మర్చిపోలేదు.

సీటు కింద, ఎండ తగలని చోట, పాత రంగు మిగిలింది. మన ముదురు ఆకుపచ్చ! ఆ రేకు ముక్క కోసుకుని కొట్టుకి వెళ్ళి అచ్చం అదే రంగు డబ్బా తెచ్చాను. డబ్బా మీద "ముదురు ఆకుపచ్చ" అని రాసే ఉంది. పక్కపక్కన పెడితే కవలపిల్లలే. కానీ మన వీధి చివర పెయింటరు ఉన్నాడే, అతను రెండూ చూసి "వీటిలో ఏది వేయమంటారు అయ్యగారూ?" అన్నాడు.

"ఏది ఏమిటయ్యా, రెండూ ఒకటేగా!"

అతను ముక్కని చూశాడు, డబ్బాని చూశాడు, నన్ను చూశాడు. "ఇవాళ సరదాగా ఉన్నారే" అని నవ్వాడు.

నాకేమీ అర్థం కాలేదు. నేను సరదాగా ఎప్పుడున్నాను?

సీటు కవరు నువ్వే కుట్టాలి. ఆ ఆకుపచ్చలోనే. కొలతలు వెనక రాశాను. బావకి వందనాలు.

నీ తమ్ముడు,
పిడుగు

—

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం కర్టెన్ల కొట్లో చదివాను. బెల్ స్విచ్ దగ్గరికి వచ్చేసరికి కత్తెర పక్కన పడేసి ఏడుస్తూ నవ్వాను. ఓనరమ్మ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. తాతయ్య ఆ బెల్లు నొక్కితే దారిలో జనం పక్కకి తప్పుకోవడం మానేసి, ఎవరో వచ్చారని తలుపులు తీసేవాళ్ళు. గుర్తుందా?

ఇక్కడ ఓ హోటలుకి గదులన్నిటికీ కర్టెన్లు కుడుతున్నాం. మెషీను తొక్కీ తొక్కీ మోకాలు మొరాయిస్తోంది. మీ బావ తొక్కుతానంటాడు. ఒకసారి తొక్కనిస్తే కర్టెన్ని టేబుల్ గుడ్డతో కలిపి కుట్టేశాడు.

కవరు తప్పకుండా కుడతాను. ఆ బండికి ఏ రంగు ఉండేదో అచ్చంగా ఆ రంగులోనే కుడతాను. నా కళ్ళ ముందే ఉంది.

ఒక్క మాట విను. రంగు సంగతి నువ్వు పెట్టుకోకు. ఆ రేకు ముక్క పెయింటరు చేతిలో పెట్టి, నువ్వు వెళ్ళి ఇంజను చూసుకో. రంగు అతని పని. నువ్వు తెచ్చిన డబ్బా కొట్లో తిరిగి ఇచ్చెయ్. ఎందుకని అడక్కు. అక్క చెప్పిందని చెయ్యి. అన్నిటికీ వాదించే పుట్టుక నీది, ఈ ఒక్కదానికి మాత్రం వాదించకు.

ప్రేమతో,
అక్క

—

ప్రియమైన అక్కా,

కవరు అందింది. విప్పగానే కళ్ళు చెమర్చాయి. అదే రంగు! తాతయ్య బండి రంగు! లోకంలో దాన్ని గుర్తుపెట్టుకున్నది నువ్వూ నేనూ ఇద్దరమే అని ఇప్పుడు తేలిపోయింది. ఎందుకంటే ఇక్కడ జనానికి మతి పోయింది.

నీ మాట ప్రకారమే ముక్క పెయింటరుకిచ్చాను. డబ్బా మాత్రం తిరిగి ఇవ్వలేదు, ఎందుకివ్వాలి? అతను నాలుగు రోజులు కూర్చుని ఏవేవో కలిపి ఓ డబ్బా తెచ్చాడు. "ఇదిగో అయ్యగారూ, మీ తాతగారి బండి రంగు. ఇటుక ఎరుపు" అన్నాడు.

ఎరుపా? పుట్టినప్పటి నుంచీ పచ్చబండి అని పిలిచిన బండి ఎరుపా? నవ్వుతున్నాడేమో అని మొహం చూశాను. నవ్వట్లేదు. అప్పుడే నీ పార్సిల్ వచ్చింది. కవరు తీసి అతని మొహం ముందు జెండాలా ఊపాను. "చూడవయ్యా! మా అక్క ఊరు దాటి ఎన్నేళ్ళయినా రంగు మర్చిపోలేదు! ఇది ఆకుపచ్చ కాదూ?"

అతను కవరు అందుకుని తన డబ్బా పక్కన పెట్టి చూపించాడు. మెకానిక్ బాబాయి బండి కింద నుంచి బయటికొచ్చి కవరు చూసి "ఇది ఎరుపేరా" అన్నాడు. పిండి ఆడించుకోవడానికొచ్చిన బస్సు కండక్టరూ అదే మాట. చూశావా? ముందే మాట్లాడుకున్నారన్నమాట! తన దగ్గర మిగిలిన పాత రంగు అంటగట్టడానికి ఆ పెయింటరు అందర్నీ కూడగట్టాడు. నిజం పక్కన ఒంటరిగా నిలబడడం నాకు కొత్త కాదు. సింహాల గుహలో దేవుడి పక్షాన ఎంతమంది నిలబడ్డారు? ఒక్కడు.

ఆదివారం అబద్ధ సాక్ష్యం మీద ప్రసంగించాను. మైకు కుయ్యోమంది. "తెల్లదాన్ని నల్లదనీ, పచ్చదాన్ని ఎర్రదనీ చెప్పే నాలుక మన వీధిలోనే ఉంది!" అన్నాను. పేరు చెప్పలేదు. వేలు చూపించాను. పెయింటరు వెనక బెంచీ మీద నుంచి లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు.

గెలిచానక్కా. మరి రాత్రి అన్నం ఎందుకు సహించలేదో తెలియట్లేదు.

నీ తమ్ముడు,
పిడుగు

—

ప్రియమైన అక్కా,

నీ నుంచి ఉత్తరం లేదు. మోకాలు ఎక్కువైందా?

బండికి రంగు నేనే వేసేశాను. ఉప్పుకాగితంతో రుద్ది, లప్పం పెట్టి, మళ్ళీ రుద్ది, నా డబ్బాతో మొదలుపెట్టాను. తొట్టి దాకా వచ్చేసరికి డబ్బా ఖాళీ. అటువైపు తలుపూ, వెనక తలుపూ మిగిలాయి. పెయింటరు వదిలేసి వెళ్ళిన డబ్బా ఉంది కదా, మూత తీసి చూస్తే అదే రంగు! ఎరుపని అంత గోల చేసిన మనిషి డబ్బాలో నా ఆకుపచ్చే ఉంది. దానితో పూర్తి చేశాను. ఎక్కడ అతుకు పడిందో నాకే తెలియలేదు.

ఇంజను ఒక్క తిప్పుకి లేచింది. బజారులోకి తీసుకెళ్ళాను. చౌరస్తాలో తాతయ్య నేర్పినట్టే, పై దీపం వెలిగితే ఆగాను, కింది దీపం వెలిగితే కదిలాను. బెల్లు కొట్టాను. తలుపులు తెరుచుకున్నాయి. అంతా తాతయ్య రోజుల్లా ఉందనుకుంటూ ఉంటే, అక్కా, జనం నవ్వడం మొదలుపెట్టారు. పిల్లలు వెంటపడి "చిలక! చిలక వచ్చింది!" అని అరిచారు. పళ్ళ బండి ఆవిడ ఓ జాంపండు చూపించి "తింటుందా?" అంది.

చిలకేమిటి? నేను ఎక్కువ మాట్లాడతాననా? తాతయ్య ఇదే బండిలో తిరిగితే ఎవరూ నవ్వలేదే!

ఇంకోటి. మన సభవాళ్ళు నా మాట ఇంత వింటారని అనుకోలేదు. పెయింటరుకి పని ఇవ్వడం మానేశారు. బడి బెంచీలకి రంగు వేయమన్నవాళ్ళు వద్దన్నారు. నిన్న అతని భార్య మిల్లుకొచ్చింది. గోధుమలు తెచ్చిందేమో అనుకున్నాను. చేతులు ఖాళీ. "అయ్యగారూ, మా ఆయనకి చదువు లేదు, ఆస్తి లేదు. అబద్ధం ఆడడన్న పేరొక్కటే ఉండేది. అది ఎక్కడ పెట్టారో చూసి మాకు తిరిగివ్వండి" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నాకంతా గందరగోళంగా ఉంది. అబద్ధం ఆడినవాడి ఇంట్లో అలాంటి మాట పుడుతుందా? ఆడకపోతే మరి నేను చూస్తున్నదేమిటి? నువ్వొక్క మాట రాయి అక్కా. "ఆ బండి ఆకుపచ్చే" అని రాయి, చాలు. నువ్వేం రాసినా సభలో నిలబడి చదువుతాను. మాట ఇస్తున్నాను.

నీ తమ్ముడు

—

ప్రియమైన నా పిడుగుకి,

రాయడం, చింపడం. ఇన్నాళ్ళూ నా పని అదే. నీ ఆఖరి ఉత్తరం చూశాక ఇక చింపలేకపోయాను.

నేను అలా రాయనురా. ఆ బండి ఆకుపచ్చ కాదు. ఇటుక ఎరుపు. నేను పంపిన కవరూ ఎరుపే. నువ్వు కొన్న డబ్బా ఆకుపచ్చ, పెయింటరు కలిపింది ఎరుపు. ఆ రెండూ నీకు ఒకటిగా కనిపిస్తాయి. తాతయ్యకీ అలాగే కనిపించేవి.

తాతయ్య ఆ బండి కొన్న రోజు "చూడవే, ఎంత పచ్చటి బండి తెచ్చానో" అంటూ దిగాడట. వీధంతా గుమ్మాల్లో ఉంది. అమ్మమ్మ బండిని చూసింది, ఆయన మొహంలో సంతోషాన్ని చూసింది. "ఆకులా ఉందండీ" అంది. ఆ రోజు నుంచీ మన ఇంట్లో అది పచ్చబండి. ఎర్రబండి అన్నవాళ్ళ మీదికి అమ్మమ్మ గరిటె ఎత్తేది. చుట్టాలూ, పాలవాడూ, అందరూ నేర్చుకున్నారు. ఆయన పోయేదాకా ఒక్కరూ నోరు జారలేదు.

నీ సంగతి అమ్మమ్మే కనిపెట్టింది. ఎర్ర బంతి గడ్డిలో పడితే, దాని పక్కనే నిలబడి వెతికేవాడివి. నేను తీసి నీ చేతిలో పెట్టేదాన్ని. ఒకరోజు అమ్మమ్మ అది చూసి, నా వంక తిరిగి పెదవి మీద వేలు పెట్టింది. అంతే. నీ చొక్కాలు నేను ఏరాను, పండ్లు నేను ఏరాను. తాత నుంచి తల్లి ద్వారా మనవడికి వస్తుందని ఇక్కడ కళ్ళ డాక్టరు చెప్పాడు. జబ్బు కాదు, మందూ లేదు.

మేం ప్రేమతోనే దాచాంరా. కానీ ఆ ప్రేమ ఇవాళ ఎవరో పెయింటరు గుమ్మంలో పడింది. ఇద్దరు ముగ్గురి నోట వచ్చిన సాక్ష్యాన్ని నమ్మాలని నువ్వే అరుస్తావు. పెయింటరు, బాబాయి, కండక్టరు. ఇప్పుడు నేను. ఇంకెంతమంది కావాలి?

చదువుతానని మాట ఇచ్చావు. చదవకపోయినా నిన్నేమీ అనను. కానీ ఆ బండి ఎక్కను.

నీ అక్క

—

ప్రియమైన అక్కా,

మొదట నీ ఉత్తరాన్ని నలిపి పిండి బస్తాల వెనక పారేశాను. తర్వాత నేనే వెళ్ళి వెతుక్కున్నాను.

షెడ్డులో కూర్చుని బండిని చూస్తూనే ఉన్నాను. కళ్ళు నులుముకున్నాను, ప్రార్థన చేశాను, తలుపుకీ బానెట్‌కీ మధ్య తేడా కోసం వేలితో తడిమాను. ఏమీ లేదు. ఒకటే రంగు. ఈ వీధిలో ప్రతి కోడిపిల్లకీ తెలిసింది నాకొక్కడికే కనిపించదు! ప్రభువు కళ్ళు తెరిపిస్తే మనుషులు చెట్లలా నడుస్తూ కనిపించిన గుడ్డివాడి మీద ఎన్నిసార్లు మాట్లాడాను! ఆ మనిషి ఎంత తికమకపడ్డాడో ఒక్కసారీ ఆలోచించలేదు. కెంపులాంటి పాపం గురించి ఇన్నేళ్ళు గొంతు చించుకున్నాను. కెంపంటే ఏమిటో నాకు తెలియదట అక్కా. మరి నేను దేని గురించి అరిచాను? ఇంకా తేలలేదు.

ఆదివారం నీ ఉత్తరం మొత్తం చదివాను. గరిటె దగ్గర నవ్వారు. బంతి దగ్గర తలలు దించుకున్నారు. అంతకుముందే పెయింటరు గుమ్మంలోకి వెళ్ళి రమ్మని బతిమాలాను. వెనక బెంచీ మీదే కూర్చున్నాడు. "ఆ రోజు ఈ వేలు చూపించాను" అన్నాను. "దీన్ని ఇటు తిప్పుతున్నాను." నా కళ్ళ వైపు తిప్పుకున్నాను. మైకు కూడా కుయ్యోమనలేదు. "ఆయన నిజం చెప్పాడు. అబద్ధం చెప్పినవి ఇవి" అన్నాను. అంతే, దిగిపోయాను. నా జీవితంలో అదే అతి చిన్న ప్రసంగం.

పెయింటరు లేచి దగ్గరికొచ్చాడు. కొడతాడనుకున్నాను. "అయ్యగారూ, ముందు ఆ చిలకని బండి మీద నుంచి దింపుదాం పదండి" అన్నాడు. అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో కనిపించలేదు.

బడి బెంచీల పని అతనికి మళ్ళీ వచ్చింది. ముందు మన బండే పూర్తి చేశాడు. "చూడండి" అన్నాడు. చూశాను. నాకు ముందెలా ఉందో అలాగే ఉంది. బజారుకి తీసుకెళ్ళాను. ఎవరూ నవ్వలేదు. జాంపండ్ల ఆవిడ తల కూడా ఎత్తలేదు. రంగు కుదిరిందని అలా తెలిసింది. కళ్ళతో కాదు, చెవులతో. చూడకుండా నమ్మమని ఊరందరికీ చెప్పాను. నేను మొదటిసారి నమ్మింది ఓ పెయింటరు మాట.

నువ్వు కుట్టిన కవరు వేశాను. ముందు సీటు ఖాళీగా ఉంది. బస్సు దిగే చోటికి నేనే బండి తెస్తాను. ఎప్పుడొస్తావో రాయి.

ఇది చెప్పకుండా ముగించలేను. నిన్న పిండి ఆడిస్తూ ఉంటే వీధిలోంచి పెయింటరు గొంతు వినిపించింది. ఎవరో కొత్త మనిషి సైకిలు ఎక్కడ పెట్టాలని అడుగుతున్నాడు. పెయింటరు నన్ను చూడలేదు, నేనక్కడ ఉన్నానని అతనికి తెలియదు. "అదిగో, ఆ పచ్చబండి పక్కన పెట్టండి" అన్నాడు.

ఆ మనిషి వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా కళ్ళతో వెతుకుతూనే ఉన్నాడు అక్కా. మన బండికి ఆనుకునే నిలబడి!

నీ దారి చూస్తూ,
నీ పిడుగు