బ్లోయర్ పక్కన నా కుర్చీ

జూన్ 3
రాసే చెయ్యి మనవరాలిది, మాట నాది. ఒక్క ముక్క మింగేసినా ఊరుకోను. నాకు అక్షరం రాదు గానీ, చదివించుకుని వినడం బాగా వచ్చు.

నా కేసు ఇది. మా ఇంటి వెనక షెడ్డులో కవర్లు చేసే మెషీన్ ఉంది. కరిగిన ప్లాస్టిక్ గుండ్రటి మూతిలోంచి బుడగలా ఉబ్బి కప్పుదాకా లేస్తుంది. చుట్టూ గాలి కొట్టి చల్లారిస్తేనే అది నిలబడుతుంది. లేకపోతే తాగినవాడిలా ఊగుతుంది. కవరు ఓ పక్క మందం, ఓ పక్క పల్చన. ఆ గాలి పంపే బ్లోయర్ వెనక మూల నుంచి గాలి పీల్చుకుంటుంది. ఆ మూలలోనే నా కుర్చీ. మెషీన్ వచ్చిన రోజు మా ఆయన వేసిన కుర్చీ. షెడ్డంతా పొయ్యిలా మండుతున్నా అక్కడ కాస్త గాలాడుతుంది.

మధ్యాహ్నమయ్యేసరికి బుడగ ఊగుతోందని ఇవాళ కోడలు నా వంక చూసింది. షెడ్డు నడిపేది ఆవిడే. అత్తయ్యా, మీరు బ్లోయర్ నోటికి అడ్డంగా కూర్చుంటున్నారు, ముందు గదిలోకి వెళ్లండి, అంది. నేను అడ్డమట! ఎముకలు తప్ప నాలో ఏముంది అడ్డపడ్డానికి?

జూన్ 4
కుర్చీ ముందు గదికి పోయింది. దాంతోపాటే నేనూ. మావాడు పెళ్లాం మాట కాదనలేక, నా ముఖం చూడలేక, గోడ మీది క్యాలెండర్ చదువుతూ నిలబడ్డాడు. అంతసేపు చదవడానికి అందులో ఏముందో.

జూన్ 5
ఇవాళ ఎవరితోనూ మాట్లాడను. ఇదే రాయి.

జూన్ 7
దేవుడున్నాడు! బుడగ రెచ్చిపోయింది. మధ్యాహ్నమే కాదు, పొద్దున్నుంచీ అదే ఊపు. పెద్దమ్మా, స్పీడు తగ్గించినా మాట వినట్లేదు అని ఆపరేటర్ వచ్చి గొణిగాడు. నవ్వు కనపడకుండా దగ్గాను.

కోడలు బుడగ చుట్టూ గాలి కొట్టే రింగు విప్పించి తుడిపించింది. కిటికీలు మూయించింది. ఫ్యాన్లు ఆపించింది. అందరికీ చెమటలు కారాయే గానీ బుడగ డాన్సు మానలేదు. అడ్డం తీసేశావు కదమ్మా, ఇంకా ఏమైంది అని ముందు గదిలోంచే కేకేశాను. మెషీన్ మోతలో కూడా వినపడేలా.

జూన్ 9
కోడలు వచ్చి నా ఎదురుగా కూర్చుంది. తప్పయిందనే మాట ఆవిడ నోట రాదు. (నీ నోటా రాదు నాన్నమ్మా. - మనవరాలు) అత్తయ్యా, మీరు రోజూ దుప్పటి ఎక్కడ ఆరేసేవారు, అని అడిగింది.

వాషింగ్ మెషీన్‌ని నేను నమ్మను. నా దుప్పటి నేనే ఉతుక్కుంటాను. పిండే ఓపిక లేక, నీళ్లోడుతుండగానే కుర్చీ వీపున పడేస్తాను. బ్లోయర్ లాగే గాలికి మధ్యాహ్నానికల్లా ఫెళఫెళలాడుతుంది. అదే చెప్పాను.

ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. షెడ్డులో వేడి గాలి నా తడి దుప్పటిని తాకి చల్లబడి బ్లోయర్‌లోకి వెళ్లేదట. అది ఆరిపోగానే బుడగ ఊగేదట. ఈ సంగతి నాకు ముందే తెలుసన్నాను. తెలియదనుకో. ఆ మాట మాత్రం రాయకు.

రేపు దుప్పటి అక్కడే వేస్తారా అత్తయ్యా, అంది మెల్లగా. దుప్పటి ఎక్కడుంటే కుర్చీ అక్కడ, కుర్చీ ఎక్కడుంటే నేనక్కడ, అన్నాను.

జూన్ 10
కుర్చీ దాని చోటికి వచ్చింది. బుడగ బుద్ధిగా నిలబడింది. మధ్యాహ్నం ఆపరేటర్ బకెట్ తెచ్చి, పెద్దమ్మా, మళ్లీ తడపనా అని చేతులు కట్టుకుని అడిగాడు. నా దుప్పటికి ఇంత మర్యాద ఎప్పుడూ జరగలేదు.

జూన్ 18
ఎన్నాళ్లని దుప్పటిని నమ్ముకుంటాం అంటూ కోడలు బ్లోయర్ నోటికి కూలింగ్ పెట్టె బిగించింది. లోపల గొట్టాల్లో చల్లటి నీళ్లు తిరుగుతాయట. బుడగ స్తంభంలా ఉంది. మెషీన్ మునుపటికంటే వేగంగా నడుస్తోంది. ఇక దుప్పటితో పనిలేదు.

మరి కుర్చీ? రెండు చేతులా దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

అక్కడ మరీ చల్లగా ఉంటుంది అత్తయ్యా, ముందు గదిలో వేయించనా, అంది. ఈసారి గొంతులో విసుగు లేదు. అయినా లొంగుతానా? కదిలేది లేదన్నాను. మీ ఇష్టం అంది. కేసు గెలిచాను.

జూన్ 19
ఉన్న నాలుగు పళ్లూ టకటకా కొట్టుకుంటున్నాయి. దుప్పటి మెడదాకా లాక్కున్నాను. ఎవరైనా అడిగితే ఆరేసుకుంటోందని చెప్పు.