లేని ఆయాసం

అన్నయ్యకు, నేను క్షేమమే. ఫోనులో అయితే అరిచేస్తానని కార్డు రాస్తున్నాను.

మా హిమాలయ యాత్రకు గైడ్‌ను కుదిర్చిన యుగంధర్ భయ్యా నిన్న నేను పాఠాలు చెప్పే స్కూలుకొచ్చాడు. "దీదీ, మీకు ఆయాసమని మీ అన్నయ్య ఫోన్ చేశారు. మంచు మీద అందరికీ ఒకటే తాడు, ఒకరు జారితే అందరూ జారతారు. రిస్క్ నహీ లేంగే, తీసుకోలేం. మీ పేరు తీసేశాను" అన్నాడు.

నాకెప్పుడొచ్చింది ఆయాసం? భయమైతే నాతో చెప్పాలి గానీ, లేని జబ్బు అంటగడతావా? ఇవాళ అతన్ని వెంటబెట్టుకుని, బరువు వీపున వేసుకుని హోప్ టౌన్ కొండ ఆగకుండా ఎక్కాను. పైన రొప్పింది అతనే. మళ్లీ పేరు చేర్చాడు.

నా ఉన్ని స్వెట్టరు పార్సిల్ చెయ్యి. అమ్మ మోకాలు తగ్గిందా? అమ్మకూ వదినకూ నమస్కారాలు. నీకు మాత్రం శిఖరం దిగాకే.

పద్మిని, లంబాలైన్